ఎర్ర చార బండ

1958 ఏప్రిల్ 7, ఆళ్లగడ్డ

నంద్యాల కాన్వెంటులో మాకు వ్యాసం నేర్పిన సిస్టరు, ఏది రాసినా ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్నది మొదటి పేరాలోనే తేలిపోవాలనేది. తేల్చేస్తాను. నేను అనసూయను. ఎస్సెల్సీ పాసై ఇంట్లో కూర్చున్నాను. అమ్మ సంక్రాంతి వెళ్లాక పోయింది. నాయనకు బేతంచెర్ల సంబంధం కుదిరింది. వచ్చే నెల పెళ్లి. జేజి, నాయన వాళ్లమ్మ, ఒక్కతే ఇల్లు ఈడ్వలేదు కాబట్టి, నాకు వంట రాదు కాబట్టి, నాయన తనకు ఇష్టం లేకపోయినా ఒప్పుకున్నాడట. ఇష్టం లేని మనిషి నిన్న సిల్కు చొక్కా కుట్టించుకోవడానికి కొలతలిచ్చి వచ్చాడు.

సిస్టరుకు ఈ పేరా నచ్చేది.

ఏప్రిల్ 11

ఈ రోజు లక్ష్మీనరసింహం గారు వచ్చారు. అహోబిలం మనిషి. ఇక్కడి సత్రానికి ఆయనే కార్యదర్శి. అహోబిలం నడిచిపోయే యాత్రికులు రాత్రి ఆగే సత్రం అది. ఇన్నాళ్లూ మట్టి నేల. ఇప్పుడు నాపరాయి పరుస్తున్నారు. ఒక్కో బండకు ఒక్కో దాత. దాత పేరు ఆ బండ మీదే చెక్కుతారు. యాత్రికుల పాదధూళి పేరు మీద పడితే పుణ్యమట. అందుకని అందరికీ వాకిలి ముందు చోటే కావాలి. మా ఎదురింటి నారాయణ మామ, తన అరుగు మీద ఎవరైనా చెప్పులతో ఎక్కితే కర్ర తీసే మనిషి, తన పేరును మాత్రం వేలమంది తొక్కాలని గడప పక్క చోటు ముందే రాయించుకున్నాడు.

అమ్మ కూడా ఒక బండకు కట్టింది. పోయిన దీపావళికి తన ఎనుము దూడను అమ్మి కట్టింది. అమ్మ గడప అడగలేదు.

"తొక్కించుకునేదానికి కాదు పాపా" అంది అప్పుడు. "నువ్వు చంకలో ఉన్నప్పుడు ఆ సత్రంలో తడి నేల మీద పొద్దు పొడిచేదాకా కూచోనే ఉన్యా. నడుం వాల్చేదానికి రోంత సల్లటి బండ ఉంటే, ఇంగొకరికన్నా పనికొస్తాది."

లక్ష్మీనరసింహం గారు విషయాన్ని సున్నితంగా చెప్పారు. ఆయన ఏది చెప్పినా ముందు కళ్లద్దాలు తుడుచుకుంటారు. అదే సున్నితం.

"ఇంటికొక్క బండే, శేషయ్యా. కొత్తగా కాపురం పెడతాండావు. దంపతుల పేర్లు వేయిస్తే శుభం. శేషయ్య, ఉమామహేశ్వరమ్మ. ఏమంటావు?"

నాయన దూలాల వైపు చూశాడు. దూలాలు ఏమీ అనలేదు.

"సరే సామీ" అన్నాడు.

అమ్మ దూడ మీద ఇప్పుడు ఉమామహేశ్వరమ్మ గారు ఎక్కుతారు. నాకేం. రాయి రాయే.

ఏప్రిల్ 19, నంద్యాల

సర్టిఫికెట్టు తీసుకోవడానికి నేనూ బస్సెక్కాను. నాయన, లక్ష్మీనరసింహం గారు, నారాయణ మామ బండలు కొనడానికి వచ్చారు. కాన్వెంటులో పని అయ్యాక వాళ్లతో పాటు రైలుస్టేషను పక్కనున్న బండల డిపోకు వెళ్లాను. బేతంచెర్ల గనుల నుంచి గూడ్సు బండిలో వచ్చిన రాయంతా అక్కడే దిగుతుంది.

డిపో ఆసామి ఒక బండను గోడకు ఆనించి, చెంబెడు నీళ్లు దాని మీద పోశాడు. బండ నీలంగా మారిపోయింది. వాన ముందరి మబ్బు రంగు. ముగ్గురు పెద్దమనుషులూ ఒక్కసారి నోళ్లు తెరిచారు.

"నెమలి మెడ!" అన్నారు లక్ష్మీనరసింహం గారు.

"మొత్తం ఇదే రంగు రావాల" అన్నాడు నారాయణ మామ.

"ఈ కొండదే అన్నా, అంతా" అన్నాడు ఆసామి.

అతను అబద్ధం చెప్పలేదు. అతన్ని అడిగింది రంగు, అతను చెప్పింది కొండ. ఆ తేడా మా వాళ్లు పట్టించుకోలేదు. సుద్దముక్కతో ఆ బండ వెనకాల గుర్తు పెట్టి, ఇదే శాంపిలు అని బజానా ఇచ్చి, కాఫీ తాగడానికి వెళ్లారు.

నేను నీడలో నిలబడి ఉన్నాను. వాళ్లు కాఫీ తాగి వచ్చేసరికి ఆ బండ ఆరిపోయింది. ఆరాక అది పొయ్యిలో బూడిద రంగు. పక్కన ఆనించి ఉన్నవి ఒకటి పచ్చగా, ఒకటి గోధుమరంగుగా ఉన్నాయి. ఎవరూ ఇటు తిరగలేదు. నేను చెప్పాలంటే ముందు గొంతు సవరించుకోవాలి, అప్పుడు ముగ్గురూ నా వైపు చూస్తారు, శేషయ్య కూతురు మాట్లాడుతుందే అని ఆశ్చర్యపోతారు. ఆ ఆశ్చర్యం ముగిసేసరికి బస్సు వెళ్లిపోతుంది.

కిటికీ పక్కన సీటు దొరికింది.

మే 14

పెళ్లయింది. పాయసం బాగుంది.

మే 23

ఆమెకు ఇరవై ఆరేళ్లు. అన్నేళ్లు పెళ్లి ఎందుకు కాలేదో ఎవరూ చెప్పరు. అడిగితే జేజి ఆమె నోటి వైపు చూసి ఊరుకుంటుంది. పొడుగు మనిషి. గొంతు ఇంకా పొడుగు. ఆకుపచ్చ చీర మీదికి వంకాయరంగు రవిక తొడిగి వీధిలోకి వెళుతుంది.

చిన్నమ్మా అని పిలువు అంటుంది జేజి. నేను ఇంకా ఏమీ పిలవలేదు. పిలవకుండానే రోజులు గడుస్తాయి. కావలసినప్పుడు ఎదురుగా వెళ్లి నిలబడితే చాలు.

ఈ రోజు అలాగే నిలబడ్డాను.

"ఏందీ?" అంది.

ఉప్పు జాడీ వైపు చూశాను.

"ఏం పాపా, నోట్లో ముత్యాలుండాయా? మాట్లాడితే రాలిపోతాయని మూసుకొని తిరుగుతాండావు?"

ఉప్పు ఇచ్చింది. ఇచ్చాక గోడల వైపు చూసి, "మీ యమ్మ ఫోటో యాడుంది?" అని అడిగింది.

"లేదు" అన్నాను.

"ఒక్కటీ తీపీలేదా? పేరన్నా యాడన్నా రాసి పెట్టినారా?"

తల అడ్డంగా ఊపాను. అమ్మ పేరు మీద పొలమేమైనా ఉందా అని ఆరా తీస్తున్నట్టుంది. వచ్చి పది రోజులు కాలేదు. ఆమె తొందర ఆమెది.

జూన్ 9

లారీ వచ్చింది. ఊరంతా సత్రం ముందుకు వచ్చింది. నేను మా మిద్దె మీద నుంచి చూశాను. అక్కడి నుంచి అన్నీ కనిపిస్తాయి, వినిపిస్తాయి, నేను కనిపించను.

బండలు దించి వరసగా ఆనించారు. ఎండ నిలువునా పడుతోంది. ఒకటి బూడిదరంగు. ఒకటి పాచిపట్టిన పచ్చ. ఒకటి మజ్జిగలో పసుపు కలిపినట్టు. కొన్నిట్లో నీలం అక్కడక్కడా ఉంది, ఉండీ లేనట్టు. ఒకదాని మీద ఈ మూల నుంచి ఆ మూలకు ఎర్రటి చార, చింతపండు పులుసు ఒలికినట్టు.

దాతలు ఒక్కో బండ దగ్గరికి పోయి, వంగి చూసి, వెనక్కి వచ్చారు.

"ఇది మోసం" అన్నాడు నారాయణ మామ. "మనకు జూపిచ్చిందొకటి, పంపిచ్చిందొకటి."

లక్ష్మీనరసింహం గారు శాంపిలు బండను వెతికించారు. ఆసామి నిజాయితీగా దాన్నీ పంపాడు. వెనక సుద్ద గుర్తు ఉంది. ముందువైపు బూడిద రంగు.

"ఇది కాదు" అన్నారు లక్ష్మీనరసింహం గారు.

"గుర్తు మీదే కదా సామీ?" అన్నాడు లారీ డ్రైవరు.

"గుర్తు మాదే. బండ మాది కాదు."

సాయంత్రం ఆయన మా ఇంటికి వచ్చి, నా చేత ఇంగ్లీషులో ఉత్తరం రాయించారు. కోపం తెలుగులో కంటే ఇంగ్లీషులో బాగా పనిచేస్తుందని ఆయన నమ్మకం. సరుకు శాంపిలుకు అనుగుణంగా లేదని, తక్షణం మార్చవలసిందని రాశాను. వ్యాకరణ దోషం లేదు. సత్యం కూడా లేదు.

జూన్ 16

డిపో నుంచి జవాబు వచ్చింది. తెలుగులోనే.

"అయ్యా, తమరు కొన్నది కొండను. మిల్లులో అచ్చువేసిన గుడ్డను కాదు. ఒకే గనిలో పైపొర ఒక రంగు, కిందిపొర ఒక రంగు, నీళ్లు ఊరిన చోట ఎర్ర చార. తడిపితే నీలం, ఆరితే వేరే. అన్నీ ఒకే రంగు కావాలంటే దయచేసి సిమెంటు పోసుకోవలెను. ఇట్లు తమ విధేయుడు."

లక్ష్మీనరసింహం గారు దాన్ని మా అరుగు మీద కూర్చుని రెండుసార్లు చదివి వినిపించారు. మొదటిసారి అర్థం కోసం, రెండోసారి కోపం కోసం.

లోపలి నుంచి ఎవరో నవ్వినట్టు వినిపించింది. ఆమె రోటి దగ్గర ఉంది. చట్నీ నూరుతూ నవ్వడం ఏమిటో.

జూన్ 19

బండలు వెనక్కి పోవు. లారీ బాడుగ ఎవరు భరిస్తారన్న ప్రశ్న దగ్గర అందరి కోపమూ చల్లబడింది.

ఇప్పుడు కొత్త జబ్బు. ప్రతి దాతా ఇంటి నుంచి చెంబు తెచ్చుకుని, తనకు నచ్చిన బండ మీద నీళ్లు పోసి, "చూడు, ఇది నీలమే, ఇది నాది" అంటున్నాడు. అది ఆరేలోపు ఇంకొకడు వచ్చి పక్కదాన్ని తడుపుతున్నాడు. ఎండిన బండ ఎవరికీ అక్కర్లేదు. ఊళ్లో తాగడానికి నీళ్లు చాలని జూన్ నెలలో సత్రం ముందు మాత్రం బురద.

అందరి పాదాల కింద పడి ఉండాలని కోరుకునే వినయవంతులు, ఎవరు ముందు పడుకోవాలా అని కొట్టుకుంటున్నారు.

జూన్ 21

చీట్లు వేశారు. చీట్లు నేనే రాసిచ్చాను, నా చేతిరాత ముచ్చటగా ఉంటుంది కాబట్టి. మా ఇంటి చీటీ నాయన తీశాడు.

ఎర్ర చార బండ.

నారాయణ మామ పొట్ట పట్టుకుని నవ్వాడు. "శేషయ్యా, నీ కొత్త పెండ్లాం వక్కాకు నమిలి ఊసినట్లుండాది కదప్పా!"

నాయన కూడా నవ్వాడు. నవ్వక ఏం చేస్తాడు. ఇంటికి వచ్చి అన్నం సరిగా తినలేదు.

నాకు మాత్రం సంతోషం వేసింది. దాచుకోవడం ఎందుకు, ఎవరూ చదవరు కదా. ఆ పొడుగు పేరు ఆ చార మీద వంకర్లు పోతూ కూర్చుంటుంది.

జూన్ 22

ఆమె బండను చూడడానికి సత్రానికి స్వయంగా వెళ్లింది. తోడుకు నన్ను లాక్కుపోయింది. వంగి చూసింది. చేత్తో రాసింది. చారను ఈ చివర నుంచి ఆ చివరకు వేలితో తడిమింది. తరువాత నడుం నిలబెట్టి, సత్రమంతా వినపడేటట్టు మొదలుపెట్టింది.

"ఈ బండ మీద నా పేరా? ఎండిన నెత్తురు మాదిరుండాది. కొత్తగా కాపురానికొచ్చినదాన్ని. నేనొప్పుకోను."

"అమ్మా, రాయి అన్నాక ఇట్లాంటివి సహజం" అన్నారు లక్ష్మీనరసింహం గారు. రెండు వారాల కింద నా చేత ఉత్తరం రాయించిన మనిషే.

"సహజమైతే దీని మీద మీ పేరు ఏపిచ్చుకోండి సామీ. మీ నీలం బండ నాకియ్యండి."

ఆయనకు అహోబిలంలో తొందర పని గుర్తొచ్చింది.

"నారాయణన్నా, నువ్వు మారస్తావా?" అంది మామ వైపు తిరిగి.

"నాది గడప పక్కది మే" అన్నాడు మామ, అది సాక్షాత్తూ వైకుంఠ ద్వారమైనట్టు.

దారంతా ఆమె కోపంగా నడిచింది. వెనకాల నేను. పౌడరు పూసుకోదు, చీరకు రవిక కలవదు. అలాంటి మనిషికి ఒక రాతి రంగు మీద ఇంత పట్టింపు! అద్దంలో తనను చూసుకోవడానికి లేని తీరిక అంతా సత్రం నేల మీద చూపిస్తోంది. సిస్టరు చెప్పేది, వానిటీ అన్నది మనిషి ఎక్కడ లేదనుకుంటే అక్కడే గూడు కడుతుందని.

జూన్ 24

నాయన ఇల్లిల్లూ తిరిగాడు. ఎవరూ మార్చుకోరు. మిగులు బండలు లేవు. ఆమె పెట్టె సర్దుకుని వాకిట్లో పెట్టింది. "ఆ బండ మీద నా పేరెక్కిస్తే నేను బేతంచెర్లకు పోతా" అంటుంది. పెట్టెలో ఏమీ ఉన్నట్టు లేదు, జేజి కాలితో తంతే జరిగింది.

బండను ఎవరూ తీసుకోకపోతే బావి దగ్గర వేసి బట్టలుతుక్కోవడానికి వాడతామని లక్ష్మీనరసింహం గారు కబురు చేశారు.

అమ్మ దూడ మీద ఊరి బట్టలు. సరే. నాకేం.

జూన్ 25

రాయకూడదనుకున్నాను. రాస్తాను.

మధ్యాహ్నం ఆమె, జేజి చింతపండు గింజలు తీస్తున్నారు. నేను పక్క గదిలో పుస్తకం పట్టుకుని ఉన్నాను. ఆమె గొంతుకు గోడలు అడ్డు కావు.

"బతికినోళ్లకు గదా అత్తా ఈ రంగులూ గింగులూ. పోయినామెకు రంగుతో ఏం పని? ఎట్లుంటే ఏమి?"

గింజలు చాటలో పడే చప్పుడు కాసేపు ఆగింది.

రాత్రి భోజనాల దగ్గర జేజి ఆ మాటను తన మాటగా నాయనకు వడ్డించింది. "ఒరే నాయనా, బండను బావికాడికి యాల పోనిస్తావు? పోయినామె పేరు రాపీ. ఆయమ్మకు రంగు పట్టింపేముంది ఇప్పుడు?"

నాయన ముద్ద నోటి దాకా తెచ్చి ఆపాడు. "అదే మేలు" అన్నాడు. అతని ముఖం అమ్మ పోయిన తరువాత మొదటిసారి తేటగా కనిపించింది. ఇంట్లో సమస్య తీరింది కాబోలు. "మేము ఇంగోసారి ఎప్పుడన్నా కట్టుకుంటాంలే."

"నా పేరు పొడుగు. యా బండా పట్టదు" అంది ఆమె, చారు పోస్తూ.

అందరూ నవ్వారు. నేను లేచి చేయి కడుక్కున్నాను.

అలా అమ్మ పేరు సత్రానికి ఎక్కుతోంది. ఎవరికీ అక్కర్లేని బండ ఉంది కాబట్టి, ఎదురు చెప్పలేని మనిషి ఒకరున్నారు కాబట్టి. మిగిలిన అన్నం, మిగిలిన కూర, మిగిలిన బండ. అమ్మ బతికినప్పుడూ ఆఖరునే తినేది.

జూన్ 26

లక్ష్మీనరసింహం గారు ఒప్పుకున్నారు. స్వర్గంలో ఉన్నవారు రంగు చూడరట. ఎవరు చెప్పారో. అయితే ఆ బండను ముందు వరసల్లో వేస్తే నేల అందం చెడుతుంది కాబట్టి, వెనక మూలన, స్తంభం చాటున వేస్తారు. అక్కడికి ఎవరి కాలూ పోదు. పాదధూళి పడదు, పుణ్యం రాదు. పాపం అమ్మ, తొక్కించుకునే భాగ్యం కూడా లేదు.

జూన్ 29

పేర్లు చెక్కే మద్దిలేటికి ముందుగా సుద్దతో అక్షరాలు రాసివ్వాలి. దాని మీద ఉలి పెడతాడు. మిగతా పేర్లన్నీ నేనే రాసిచ్చాను. ఈ రోజు మాది.

సత్రంలో ఎవరూ లేని వేళ చూసి వెళ్లాను. మద్దిలేటి బండను నీడకు జరిపి ఉంచాడు.

"ఏం పేరు పాపా?"

చెప్పకుండా వంగి రాశాను. రామేశ్వరమ్మ. మొదటిసారి రాసింది వంకర పోయింది. కొంగుతో తుడిచి మళ్లీ రాశాను.

ఈ నోటుబుక్కులో కూడా ఇంతవరకూ ఆ పేరు రాయలేదని ఇప్పుడే చూశాను.

"కింద శేషయ్య భార్య అని రాయొద్దా? అందరికీ అట్లనే కదా రాసినాం" అన్నాడు మద్దిలేటి.

"బండ ఇరుకు. పేరు సాలు."

తలెత్తి చూశాను. ఆమె. నా వెనకాలే ఎప్పుడు వచ్చిందో, చంకలో కడవ ఉంది. బావి ఇటువైపు కాదు.

మద్దిలేటి బండను చూశాడు. నేనూ చూశాను. పేరుకు కిందా పైనా ఇంకో రెండు వరసలకు చోటుంది.

"ఇరుకే" అన్నాడు మద్దిలేటి, ఆమె ముఖం చూసి.

తనకు ముందు ఇంకో భార్య ఉన్నట్టు తెలియకూడదు కాబోలు. ఇక్కడ కూడా తన లెక్క తను చూసుకుంది. అయినా, పేరు ఒక్కటే ఉంటేనే బాగుంది.

జూలై 12

నేల పరిచారు. ప్రారంభానికి కడిగారు. తడిసేసరికి నేలంతా నీలం. నారాయణ మామ తన బండ ఏదో తానే గుర్తుపట్టలేక, వంగి పేరు చదువుకుంటూ గడప దగ్గర నడుం పట్టించుకున్నాడు.

దూరం నుంచి గుర్తుపట్టగలిగింది ఒక్కదాన్నే. మూలన, స్తంభం చాటున.

ఆగస్టు 30

ఏమీ లేదు. వాన. ఉప్పు అడిగాను. నోరు తెరిచే అడిగాను, పిలవకుండా.

అక్టోబరు 24, బేతంచెర్ల

దసరా వెళ్లాక ఆమె పుట్టింటికి నన్నూ తీసుకువచ్చింది. నాయనకు వేరుశనగ పనులు. నంద్యాలలో రైలెక్కాము.

ఈ ఊళ్లో అరుగు బండ, గోడ బండ, కొన్ని ఇళ్లకు కప్పు కూడా బండే. వాళ్ల ఇంట్లోకి అడుగు పెట్టి ఆగిపోయాను. నేల మీద ఒక బండ రంగు ఇంకో బండకు లేదు. పచ్చ, బూడిద, పసుపు, చామన, అతుకుల బొంత పరిచినట్టు. వాళ్ల నాయనకు చిన్న గని ఉందట. పుట్టినప్పటి నుంచి ఆమె ఈ నేల మీదే తిరిగింది.

వాళ్లమ్మ భారతమ్మ మాకు మరమరాలు పెట్టింది. ఎక్కడ కూర్చోవాలో తెలియక, కిటికీ దగ్గర నీడ ఉంటే అటు వెళ్లాను. కూర్చోబోతూ కిందికి చూశాను. ఎర్ర చార. ఈ మూల నుంచి ఆ మూలకు. మా దాని కంటే పెద్దది, ఇంకా ఎర్రది.

"కూచో కూచో. అది మా ఉమ బండ" అంది భారతమ్మ. "సిన్నప్పుడు దాని మీద ఎవర్నీ కూచోనీదు. వాళ్ల నాయన గని నుంచి ఎన్ని తెచ్చినా, ఆ ఎర్ర చారదే కావాలని ఏడ్సి ఏపిచ్చుకునింది. జరమొచ్చినా ఆడనే పండుకుంటాండె. దాని మీద పండుకుంటే సల్లగుంటాదని."

"ఊరికే ఉండు మా" అంది ఆమె వాకిట్లో నుంచి. "పాపకు మజ్జిగియ్యి."

నేను ఆ బండ మీద కూర్చున్నాను. చల్లగానే ఉంది.

ఆమె చాలాసేపు లోపలికి రాలేదు. వాకిట్లో అంట్లు తోముతోంది. ఆ అంట్లు పొద్దున్నే తోమినవి.

అక్టోబరు 25

జూన్ నెల పుటలు చదివాను. అక్షరదోషాలు లేవు.

అక్టోబరు 27, ఆళ్లగడ్డ

తిరుగు రైల్లో ఎదురెదురుగా కూర్చున్నాము. పాణ్యం దాటాక గొంతు సవరించుకున్నాను. ఆమె ఆశ్చర్యపోలేదు, ఎదురుచూసినట్టే చూసింది.

"ఆ రోజు నెత్తురు చార అని భయపడ్డారు కదా" అన్నాను.

"ఎవరు, నేనా?"

"సత్రంలో."

ఆమె కిటికీలో నుంచి కొండల వైపు చూసింది. "ఇంటికొక్క బండే అన్నాడు గదా ఆ సామి" అంది. "పోయినామె దుడ్లు, పోయినామె బండ. నా పేరొద్దు, ఆయమ్మ పేరే పెట్టండి అని నేను మంచిగా చెప్పింటే ఇనేటోళ్లా? కొత్త పెండ్లికూతురు సిగ్గుపడతాంది అనుకొని, ఇంగా పెద్దచ్చరాలతో నా పేరే ఏపిచ్చుందురు. అరిస్తే ఇంటారు."

నేను ఏదో అనాలి.

"బుక్కు చదువుకో పాపా" అంది.

పుస్తకం తెరిచాను. నంద్యాల వచ్చేవరకు ఒకటే పుట.

మా సత్రంలో మా ఇంటి నుంచి ఒకే పేరు ఉంది. ఆమెది ఎక్కడా లేదు.

1959 మార్చి 19

అహోబిలం తిరునాళ్ల. సత్రం నిండిపోయింది. ఇంట్లో మజ్జిగ చేసి రెండు కడవలు మోసుకుని ఆమె, నేను పోయాము.

గడప దగ్గర నారాయణ మామ నిలబడి ఉన్నాడు. "రాండి రాండి, ఇట్ల రాండి" అని వచ్చినవాళ్లనందరినీ ఆప్యాయంగా పిలుస్తున్నాడు. వాళ్లు ఏ బండ మీద అడుగు వేస్తున్నారో చూస్తున్నాడు. తప్పించి దాటినవాళ్లను మళ్లీ పిలిచి కుశలం అడుగుతున్నాడు. ఎడ్లబండ్ల బాట దుమ్ము కాళ్లతో ఊళ్లకు ఊళ్లు ఆయన మీద నుంచి నడిచిపోయాయి. సాయంత్రానికి ఆ బండ మీద పేరు, రంగు రెండూ కనపడలేదు. ఆయన కోరిక తీరింది. ముఖం మాత్రం ఎందుకో దిగాలుగా ఉంది.

లక్ష్మీనరసింహం గారి నీలం బండ మీద ఎవరో సున్నం, ఆకు నమిలి ఊశారు. ఇప్పుడు దాని మీద కూడా ఎర్ర చార ఉంది.

వెనక మూలన స్తంభం చాటుకు వెళ్లాము. అక్కడ తొక్కిడి లేదు, గాలి ఆడుతోంది. దొర్నిపాడు నుంచి నడిచి వచ్చిన ఒక ముసలామె మూట తల కింద పెట్టుకుని పడుకుని ఉంది. అరికాళ్లు పగిలి ఉన్నాయి. చెంప బండకు ఆనించి ఉంది. రా, మే ఆమె చెవి పక్కన కనిపిస్తున్నాయి. మిగతా అక్షరాల మీద ఆమె పడుకుని ఉంది.

మజ్జిగ ఇస్తే లేచి తాగింది. మళ్లీ వాలి, అరచేత్తో బండను తడిమింది.

"సత్రమంతా తిరిగినా తల్లీ. ఈడ సల్లగుండాది. ఎవురిదమ్మా ఈ బండ? నాకు సదువు రాదు."

నేను గొంతు సవరించుకుంటున్నాను. అంతలోనే జవాబు వచ్చింది.

"మా అక్కది" అంది.

ముసలామె తల ఊపి కళ్లు మూసుకుంది. పక్కనున్న ఇంకొకామె మజ్జిగ కోసం చేయి చాపింది. నా చేతిలో కడవ ఉంది, పోయడానికి చెంబు లేదు. కాసేపు అలాగే నిలబడ్డాను. ఎదురుగా వెళ్లి నిలబడితే పని జరుగుతుంది, నాకు తెలుసు.

"చిన్నమ్మా, ఆ చెంబు ఇట్లియ్యి" అన్నాను.

ఇచ్చింది. ముత్యాలేవీ రాలలేదు.